‘అంటారు’ అనే మాట విలువ: వేల్స్ వంశావళి రాతప్రతులు – ఒక పఠనానుభవం

కైఫీయతులలోని వంశావళి భాగాల రచనా విధానం నా సిద్ధాంత వ్యాసానికి విషయం. ఈ పనిలో అడుగుపెట్టిన నాటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలలేదు. వంశావళిలో ఉన్నది నిజమా, కాదా అని చరిత్రకారులు అడుగుతారు. అది వారి వృత్తిధర్మం. సాహిత్య విద్యార్థి అడగవలసిన ప్రశ్న కూడా అదేనా? అది కాకపోతే మరేది? దీనికి సమాధానం వెతుక్కుంటూ, ఇతర భాషలలో వంశావళి సాహిత్యం ఎలా పుట్టింది, ఎలా నిలిచింది, పండితులు దానిని ఎలా పరిశీలించారు అన్న విషయాలు చదవసాగాను. ఆ చదువులో నన్ను అన్నిటికంటే ఎక్కువకాలం నిలిపింది వేల్స్.

బ్రిటన్ ద్వీపానికి పడమటి కొసన ఉన్న చిన్న దేశం వేల్స్. అక్కడి భాష వెల్ష్. ఇంగ్లీషుకు ఇరుగుపొరుగే అయినా శాఖ వేరు. ఇంగ్లీషు జర్మానిక్ శాఖకు, వెల్ష్ కెల్టిక్ శాఖకు చెందినవి. 1536లోనూ 1542-43లోనూ వచ్చిన చట్టాలు వేల్స్‌ను ఇంగ్లండు పాలనా వ్యవస్థలో పూర్తిగా కలిపివేశాయి. న్యాయస్థానాలలో ఇంగ్లీషే చెల్లుబాటు కావాలని విధించాయి. వెల్ష్ భాషలో తొలి అచ్చు పుస్తకం 1546లో, బైబిలు సంపూర్ణానువాదం 1588లో వెలువడినా, రెండూ లండన్‌లోనే అచ్చయ్యాయి. వేల్స్ నేల మీద చట్టబద్ధమైన ముద్రణాలయం 1718లో గాని వెలియలేదు. అందువల్ల యూరప్‌లో అచ్చుయంత్రం వచ్చి రెండు శతాబ్దాలు దాటినా, వెల్ష్ పద్యాలు, కథలు, ధర్మశాస్త్రం, వంశావళులు చాలావరకు చేతిరాతలోనే బతికాయి. తాళపత్రం మీద 19వ శతాబ్దం దాకా బతికిన సాహిత్యాన్ని చదువుకున్న మనకు ఆ స్థితి కొత్తది కాదు.

ఆంగ్లానువాదాల ద్వారాను, రాతప్రతుల సూచీల ద్వారాను, అబరిస్ట్విత్ పట్టణంలోని వేల్స్ జాతీయ గ్రంథాలయం అందరికీ అందుబాటులో ఉంచిన ఛాయాచిత్రాల ద్వారాను నేను ఈ సాహిత్యాన్ని పరిచయం చేసుకున్నాను. ఆ పరిచయం నా పరిశోధన దృష్టిని ఎలా మార్చిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వంశావళి ఎందుకు రాశారు?

వేల్స్ ప్రాచీన వంశావళులలో ముఖ్యమైనవి లండన్‌లోని బ్రిటిష్ గ్రంథాలయంలో, హార్లీ సేకరణలో 3859వ సంఖ్యగల రాతప్రతిలో ఉన్నాయి. ఆ ప్రతి 1100 ప్రాంతంలో రాసినది. అందులోని వంశావళుల కూర్పు మాత్రం అంతకంటే పాతది. 10వ శతాబ్దం నడుమ, హవెల్ దా అనే రాజు కుమారుడు ఓవైన్ కోసం వాటిని కూర్చారని పండితుల నిర్ణయం. మొదట ఓవైన్ తండ్రి వైపు వంశం, తరువాత తల్లి వైపు వంశం, ఆపైన ఇతర రాజకుటుంబాల వంశాలు వరుసగా ఉంటాయి. పేరు, ఆ పేరుగల వాని తండ్రి, అతని తండ్రి – ఇలా పైకి ఎక్కుతూ పోవడమే రచనంతా. విశేషణం లేదు, వర్ణన లేదు.

తండ్రి వైపు వంశం పైకి పోయి పోయి చివరకు అన్నా అనే స్త్రీ దగ్గర ఆగుతుంది. ఆమె క్రీస్తు తల్లి మరియకు దగ్గరి చుట్టమని అక్కడ ఉంది. మనవారు సూర్యుని దాకా, చంద్రుని దాకా వంశాన్ని తీసుకుపోయినట్లే, వారు కన్య మరియ దాకా తీసుకుపోయారు. ఇది చదివినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చింది. కాని అక్కడున్న ఒక చిన్న క్రియ నన్ను ఆపింది. ఆ చుట్టరికాన్ని రచయిత తన మాటగా చెప్పలేదు. ‘అని అంటారు’ అనే అర్థమిచ్చే లాటిన్ మాటను చేర్చి, భారాన్ని లోకం మీద ఉంచాడు. రాజు కొలువు కోసం కూర్చిన వంశావళిలో కూడా, తనకు తెలిసినదానికీ తాను విన్నదానికీ నడుమ ఆ రచయిత ఒక గీత గీశాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

వేల్స్‌లో వంశావళి కేవలం రాజుల గొప్పకోసం పుట్టలేదు. హవెల్ దా పేరుతో ప్రసిద్ధమైన వెల్ష్ ధర్మశాస్త్ర గ్రంథాలు చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆ ధర్మం ప్రకారం తండ్రి భూమి కొడుకులందరికీ సమానంగా వస్తుంది. అన్నదమ్ములు పంచుకున్న భూమిని వారి తరువాత పెదతండ్రి పినతండ్రి బిడ్డలు, ఆ తరువాత వారి బిడ్డలు మళ్ళీ సరిచేసి పంచుకోవచ్చు. అంటే ముత్తాత ఎవరో చెప్పలేనివాడు తన పొలం తనదని నిరూపించుకోలేడు. హత్య జరిగితే హంతకుని బంధువర్గం, హతుని బంధువర్గానికి పరిహారం చెల్లించాలి. ఎవరు ఎంత దూరపు చుట్టమో తెలియకపోతే ఆ లెక్క తేలదు. 12వ శతాబ్దం చివర వేల్స్‌ను వర్ణించిన గెరాల్డ్ అనే మతాచార్యుడు, అక్కడి సామాన్యులకు కూడా ఆరేడు తరాల పేర్లు నోటికి వచ్చునని రాశాడు. అది గర్వం కోసం నేర్చుకున్నది మాత్రమే కాదు. పొలం గట్టును, ప్రాణాన్ని కాపాడుకోవడానికి నేర్చుకున్నది.

1542-43 చట్టంతో సమాన పంపకపు ఆచారం రద్దయింది. పెద్దకొడుకుకే భూమి చెందే ఇంగ్లీషు పద్ధతి వచ్చింది. అయినా వంశావళి ఆగిపోలేదు. దాని పని మారింది. పొలం హక్కుకు సాక్ష్యంగా ఉన్నది హోదాకు సాక్ష్యమయింది. లూయిస్ డూన్ అనే కవి 1586లో రాజముద్రాధికారులకు ప్రతినిధిగా నియమితుడై, దాదాపు పాతికేళ్ళ పాటు వేల్స్ అంతా తిరిగి ఇంటింటి వంశావళులు సేకరించాడు. తన పుస్తకాలలో ఆ కుటుంబ పెద్దల సంతకాలు, వారు ఇచ్చిన రుసుములు కూడా నమోదు చేసుకున్నాడు. తన ముందు తరాల కవులలో ఎవరి పుస్తకాలు చూశాడో చెప్పుకున్నాడు. వంశావళి చెప్పించుకునే ఇల్లు డబ్బు ఇచ్చింది కాబట్టి అందులో అతిశయం ఉండవచ్చు. కాని ఎవరు చెప్పారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎంత తీసుకున్నారు అన్నది పక్కనే ఉండడం వల్ల ఆ అతిశయాన్ని తూచడానికి మనకొక తక్కెడ దొరుకుతుంది.

పెద్దాయన అడిగిన ప్రశ్న

ఇదంతా నాకు పుస్తక జ్ఞానంగా మిగిలిపోయేదే. రెండేళ్ళ కిందట క్షేత్ర పర్యటనలో ఎదురైన ఒక సందర్భం దానికి ప్రాణం పోసింది. రాయలసీమలోని ఒక గ్రామంలో, ఒకప్పుడు ఆ ఊరి కావలి బాధ్యత వహించిన కుటుంబం దగ్గర వారి వంశావళి ప్రతి ఉందని తెలిసి వెళ్ళాను. ఆ ఇంటి పెద్దాయన గుడ్డలో చుట్టిన నోటు పుస్తకాన్ని దేవుని గూట్లో నుంచి తీసి ఇచ్చారు. ఆయన తాతగారు తన చేత్తో రాసుకున్న ప్రతి అది. నా దగ్గర ఉన్న కైఫీయతు పాఠంతో పోల్చి చూశాను. కైఫీయతులో లేని రెండు తరాలు ఆ పుస్తకంలో అదనంగా ఉన్నాయి. ఆ రెండు పేర్లలో ఒకటి ఆ ప్రాంతపు ప్రసిద్ధ పాలెగాని ఇంటితో ఈ కుటుంబాన్ని కలుపుతుంది.

నేను రెండింటినీ పక్కపక్కన పెట్టి రాసుకోవడం ఆయన గమనించారు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా అడిగారు: “ఏం తల్లీ, మా తాత రాసిపెట్టింది అబద్ధమని నీ పుస్తకంలో రాస్తావా?”

“అట్లా రాయను తాతా. ఏ కాగితంలో ఏముందో అది రాస్తాను” అన్నాను.

ఆయన తల ఊపారు గాని ఆ సమాధానం ఆయనకు చాలలేదని నాకు తెలుసు. నాకూ చాలలేదు. ఆ ఇంటివారికి అది పూజలో పెట్టుకునే పుస్తకం. నాకు అది ఒక పాఠభేదం. ఒకే కాగితం మీద ఈ రెండు దృష్టులూ నిలవగలవా? వేల్స్ రాతప్రతుల చరిత్రను నేను మళ్ళీ మొదటి నుంచి చదివింది ఈ ప్రశ్నతోనే.

నకలు రాసిన చేతులు

రెండవసారి చదివినప్పుడు నా దృష్టి గ్రంథాల మీద నుంచి వాటిని నకలు చేసినవారి మీదికి మళ్ళింది. వారిలో మొదట చెప్పవలసినవాడు ఫ్లింట్‌షైర్ ప్రాంతపు గెల్లిలివ్డీ అనే ఇంటికి చెందిన జాన్ జోన్స్. 16వ శతాబ్దం చివర పుట్టి 17వ శతాబ్దం నడిమిదాకా బతికాడు. తాత, తండ్రి కూడా రాతప్రతులు సేకరించినవారే. వ్యాజ్యాలలో చిక్కి, అప్పుల పాలై, లండన్‌లోని ఫ్లీట్ చెరసాలలో ఏళ్ళతరబడి గడిపాడు. ఆ చెరలోనే కూర్చుని పాత వెల్ష్ ప్రతులను అచ్చులాంటి అందమైన దస్తూరితో నకలు చేశాడు. వృత్తిపనులకు సంబంధించిన వెల్ష్ పదాలను విషయాల వారీగా వర్గీకరించి పట్టికలు కూడా తయారుచేశాడు. భాష నోటి నుంచి జారిపోతున్నదని గ్రహించినవాడే అటువంటి పని చేస్తాడు.

అతని మిత్రుడు రాబర్ట్ వాన్, మెరియోనెత్ ప్రాంతంలో డోల్‌గెలై పట్టణం దగ్గరి హెంగూర్ట్ ఇంటివాడు. 1667లో మరణించాడు. వెల్ష్ రాతప్రతులలో అతి విలువైనవి అనేకం అతని ఇంటికి చేరాయి. జాన్ జోన్స్ ప్రతులు కూడా అక్కడికే వచ్చాయి. వాన్ కేవలం సేకర్త కాడు. వంశావళి విషయంలో పెద్ద వివాదం ఒకటి ఆ కాలంలో నడిచింది. 878లో మరణించిన రోద్రీ మావుర్ అనే రాజు కుమారులలో ఎవరు జ్యేష్ఠుడు అన్నది ఆ వివాదం. ఉత్తర వేల్స్ రాజులు అనారవ్ద్ సంతతి. దక్షిణ వేల్స్ రాజులు కాడెల్ సంతతి. ఎవరు పెద్ద అయితే వారి వంశానికి ప్రథమస్థానం. వాన్ 1662లో ఈ విషయం మీద ఒక పుస్తకం ప్రకటించి, అనారవ్దే పెద్దవాడని వాదించాడు. ఎనిమిది శతాబ్దాల కిందటి అన్నదమ్ముల వయసు గురించి ఒక పుస్తకం రావడం చిత్రంగా తోచవచ్చు. వంశావళి నలుగురి నడుమ ఎంత సజీవంగా ఉండేదో తెలియడానికి ఇది చాలు.

హెంగూర్ట్ సేకరణ 1859లో పెనియార్త్ ఇంటివారికి చేరింది. అందులో అయిదువందలకు పైగా రాతప్రతులు ఉన్నాయి. 13వ శతాబ్దం నడుమ రాసిన ‘కార్మార్థెన్ నల్ల పుస్తకం’, 14వ శతాబ్దపు ‘తాలియేసిన్ పుస్తకం’, వెల్ష్ గద్యకథలకు ఆధారమైన ‘రిదెర్ఖ్ తెల్ల పుస్తకం’ వాటిలోవి. రాణి విక్టోరియాకు వైద్యునిగా పనిచేసిన సర్ జాన్ విలియమ్స్ ఈ సేకరణపై హక్కులు కొని, జాతీయ గ్రంథాలయం అబరిస్ట్విత్‌లో నెలకొంటేనే తన పుస్తకాలు ఇస్తానన్నాడు. 1907లో రాజశాసనంతో గ్రంథాలయం ఏర్పడింది. 1909లో పెనియార్త్ ప్రతులు అక్కడికి చేరాయి.

ఈ ప్రతులను పరిశీలించేవారు పాఠాన్ని మాత్రమే చదవరు. కార్మార్థెన్ నల్ల పుస్తకం 54 రేకుల చిన్న గ్రంథం. ఒకే లేఖకుడు ఏళ్ళ తరబడి రాసినదని, అందుకే అక్షరాల పరిమాణం మారుతూ వచ్చిందని వారు గుర్తించారు. ఆ పుస్తకాన్ని 16వ శతాబ్దంలో పొందిన ఒక యజమాని, అంచులలో తరువాతివారు రాసిన రాతలను గీకి శుభ్రం చేసినట్లు తోస్తుంది. 2015లో కేంబ్రిడ్జి పరిశోధకులు అతినీలలోహిత కాంతిలో చూసినప్పుడు ఆ చెరిపివేతల కింద మనుషుల ముఖాల బొమ్మలు, పద్య భాగాలు బయటపడ్డాయి. కార్డిఫ్‌లో ఉన్న ‘అనైరిన్ పుస్తకం’లో ఇద్దరు లేఖకుల చేతిరాత ఉంది. రెండవ లేఖకుని భాగంలో వర్ణక్రమం తన కాలానికంటే పాతదిగా కనిపిస్తుంది. అంటే అతని ముందున్న మాతృక మరింత ప్రాచీనమైనదన్నమాట. అతడు దానిని సవరించకుండా ఉన్నది ఉన్నట్లు దింపినందువల్లనే ఆ సంగతి మనకు తెలిసింది. లేఖకుని వినయం భాషాచరిత్రకు సాక్ష్యమయింది.

కాలిపోయిన ప్రతులు, మిగిలిన జాబితా

నకలుకు ఉన్న విలువ ఎంతో ఎడ్వర్డ్ లూయిడ్ కథ చెబుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ వస్తుప్రదర్శనశాలకు అధిపతిగా ఉన్న లూయిడ్, ఊరూరి పురాతన విషయాలను తెలుసుకోవడానికి 1696లో ఒక ప్రశ్నావళిని అచ్చువేయించి వేల్స్ గ్రామాలకు పంపాడు. 1697 నుంచి 1701 వరకు వేల్స్, ఐర్లండ్, స్కాట్లండ్, కార్న్‌వాల్, బ్రిటనీ ప్రాంతాలు తిరిగాడు. 1707లో ప్రకటించిన తన గ్రంథంలో కెల్టిక్ భాషల పోలికలతో పాటు వెల్ష్ రాతప్రతుల జాబితాను కూడా చేర్చాడు. 1709లో మరణించాడు. అతని సేకరణ విశ్వవిద్యాలయానికి దక్కలేదు. 1713లో సెబ్రైట్ అనే ప్రభువు కొన్నాడు. తరువాత అది చేతులు మారి ముక్కలయింది. కొంత హేవడ్ భవనానికి చేరి 1807 నాటి అగ్నిప్రమాదంలో, మరికొంత విన్‌స్టే భవనానికి చేరి 1858 నాటి అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి.

ఈ కథ చదివేటప్పుడు మెకంజీ సేకరణ గుర్తుకు రాని తెలుగు విద్యార్థి ఉండరు. కర్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, అతని సోదరులు ఊరూరా తిరిగి కైఫీయతులు, శాసనాలు, వంశావళులు సమకూర్చారు. ఆ కాగితాలు శిథిలమవుతుండగా సి.పి. బ్రౌన్ మళ్ళీ నకళ్ళు రాయించాడు. నేడు మనం చదువుతున్న కైఫీయతులలో అనేకం ఆ నకళ్ళే. వేల్స్‌లో వలెనే ఇక్కడా పాఠం బతికింది దానిని మోసిన చేతుల వల్ల. ఒక తేడా చెప్పాలి. లూయిడ్ తన జాతి భాషను తానే వెతుక్కున్నాడు. మెకంజీ ప్రశ్నలు పాలకుల తరఫున వచ్చిన ప్రశ్నలు. ఈనాములు, మిరాశీలు నిలుస్తాయో పోతాయో తెలియని కాలంలో, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే కరణాలకూ పెద్దలకూ తమ వంశక్రమం ఒక హక్కుపత్రం. వేల్స్ ధర్మశాస్త్రంలో ముత్తాత పేరు చేసిన పనిని ఇక్కడ కైఫీయతు చేయవలసి వచ్చింది.

ప్రేమతో చేసిన కల్పన

నకలు చేసే చేతి మీద ఇంత భారం ఉన్నప్పుడు, ఆ చెయ్యి తప్పుదారి పడితే? ఈ ప్రశ్నకు వేల్స్ చరిత్రలో ఒక పేరుంది: యోలో మోర్గానూగ్. అసలు పేరు ఎడ్వర్డ్ విలియమ్స్. 1747లో పుట్టి 1826లో మరణించాడు. గ్లమోర్గన్ ప్రాంతపు రాతిపనివాడు, కవి. నల్లమందు ద్రవానికి అలవాటు పడినవాడు. వెల్ష్ రాతప్రతులను చూసినవారిలో, చదివినవారిలో, దింపినవారిలో అతనితో సరితూగేవారు ఆనాడు అరుదు. 1801-1807 మధ్య మూడు సంపుటాలుగా వచ్చిన ‘మివీరియన్ ఆర్కయాలజీ’ అనే ప్రాచీన వెల్ష్ సాహిత్య సంకలనానికి సంపాదకులైన ముగ్గురిలో అతడొకడు.

అతడు నిజమైన ప్రతుల నడుమ తాను కల్పించినవి చేర్చాడు. 14వ శతాబ్దపు మహాకవి దావిద్ అప్ గ్విలిమ్ పద్యసంపుటి 1789లో అచ్చయినప్పుడు, అనుబంధంలో వచ్చిన పద్యాలు అతడు పంపినవి. వాటిలో అతని సొంత రచనలు ఉన్నాయి. అవి ఎంత బాగున్నాయంటే ఆ కవి ఉత్తమ రచనలలో కొన్నిటిగా వాటిని శతాబ్దానికి పైగా మెచ్చుకున్నారు. ప్రాచీన చరిత్రలు, సూక్తులు, సాధువుల వంశావళులు, చివరకు ఒక లిపి కూడా సృష్టించాడు. తన గ్లమోర్గన్ కవుల పరంపర ప్రాచీన డ్రూయిడ్ గురువుల నుంచి తెగకుండా వచ్చిందని నిలబెట్టడం అతని తపన. 1792లో లండన్‌లోని ప్రిమ్‌రోజ్ కొండ మీద అతడు ప్రారంభించిన కవుల సభాచారం నేటికీ వేల్స్ జాతీయ సాహిత్యోత్సవంలో సాగుతూనే ఉంది. అతని మరణానంతరం, 1848లో అతని కాగితాల సంపుటం ఒకటి పండిత సంఘం పక్షాన అచ్చయి, ఆ కల్పనలను మరింత దూరం తీసుకుపోయింది.

1916లో అతని కాగితాలు జాతీయ గ్రంథాలయానికి చేరాయి. జి.జె. విలియమ్స్ అనే పండితుడు వాటిని ఓపికగా పరిశీలించి, 1926లో దావిద్ అప్ గ్విలిమ్ సంపుటి అనుబంధ పద్యాలు యోలో రచనలని నిరూపించాడు. అతడు యోలోను తిట్టి వదిలేయలేదు. ఆ తరువాత జీవితమంతా యోలోను, గ్లమోర్గన్ సాహిత్య సంప్రదాయాన్ని అధ్యయనం చేశాడు. యోలో గొప్ప కవి అని చెప్పినవాడూ, అతని సాక్ష్యం చెల్లదని తేల్చినవాడూ ఒకరే.

యోలో వంటివాని తరువాత వంశావళులను వదిలిపెట్టడమే మేలని ఎవరైనా అనుకోవచ్చు. వేల్స్ పండితులు అలా చేయలేదు. వృత్తిరీత్యా వాతావరణ శాస్త్రవేత్త అయిన పీటర్ బార్ట్రమ్ 1966లో తొలి వంశావళి పాఠాలను పరిష్కరించి ప్రకటించాడు. 1974లో క్రీ.శ. 300 నుంచి 1400 వరకు గల వంశాలను 8 సంపుటాలలో, 1983లో 1400 నుంచి 1500 వరకు గల వంశాలను 18 సంపుటాలలో పట్టికలుగా వెలువరించాడు. రాతప్రతుల విషయంలో గ్వెనోగ్‌వ్రిన్ ఎవాన్స్ 1898-1910 మధ్య చారిత్రక రాతప్రతుల సంఘం పక్షాన వివరణాత్మక నివేదికలు సిద్ధం చేశాడు. ఒక శతాబ్దం తరువాత, 2022లో, డేనియల్ హ్యూస్ జీవితకాల కృషి ఫలమైన రాతప్రతుల, లేఖకుల కోశం మూడు సంపుటాలుగా వెలువడింది. సుమారు 800 నుంచి 1800 వరకు గల వెల్ష్ రాతప్రతులతో పాటు, వాటిని రాసిన చేతుల వివరాలు కూడా అందులో ఉన్నాయి. రాతప్రతుల సూచిలో లేఖకునికి అంతటి స్థానం ఇవ్వడం ఆ దేశం యోలో నుంచి నేర్చుకున్న పాఠమేమో అని నాకు అనిపిస్తుంది.

నిజం, నిజాయితీ

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. హార్లీ ప్రతిలోని వంశావళి మరియ చుట్టరికం చెబుతుంది. అది చారిత్రక సత్యం కాజాలదు. అయినా అది నిజాయితీగల పత్రం. ‘అంటారు’ అని చెప్పి, తన ఎల్లను తానే చూపింది. యోలో కల్పించిన వంశావళులలో అనేకం పైకి అంతకంటే నమ్మదగినట్లే ఉంటాయి. అయినా అవి నిజాయితీ లేని పత్రాలు. చూడని మాతృకను చూశానన్నాడు. కాబట్టి వంశావళిలోని మాట నిజమా అన్నది ఒక ప్రశ్న; రాసినవాడు తన మూలంతో ఎలా వ్యవహరించాడన్నది మరొక ప్రశ్న. మొదటిది చరిత్రకారునిది. రెండవది, లేఖకుల చేతులను, పాఠభేదాలను, మాతృకలను చదవడం నేర్చుకున్న సాహిత్య విద్యార్థిది.

ఈ విచక్షణ మన సాహిత్యానికి కొత్తది కాదు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చిన తరువాత, కవి కాలాన్ని గురించీ కావ్య ప్రామాణికతను గురించీ సాగిన వాదోపవాదాలు మనందరికీ తెలుసు. ఆ వాదాలలో భాష, ఛందస్సు, శాసనాల సాక్ష్యం విస్తారంగా చర్చకు వచ్చాయి. అలాంటి చర్చ ఎంత లోతుగా సాగినా, చివరకు అది ఆగేది ప్రతి దగ్గరే. ప్రతి ఎక్కడ దొరికింది, ఎవరి చేతిరాత, దేనికి నకలు అన్న వివరాలు ఎంత నిండుగా ఉంటే చర్చకు అంత గట్టి నేల దొరుకుతుంది.

ఈ దృష్టితో ఆ గ్రామపు నోటు పుస్తకాన్ని మళ్ళీ చదివాను. నేను తీసుకున్న ఛాయాచిత్రాలలో, అదనంగా ఉన్న రెండు తరాల దగ్గర పెద్దాయన తాతగారు అంచులో ఒక మాట రాసి ఉంచారు: ‘పెద్దలు చెప్పగా విన్నది’. మిగిలిన పేర్ల దగ్గర ఆ మాట లేదు. పాత కాగితం చూసి దింపుకున్నదేదో, చెవిన విన్నదేదో ఆయన వేరుచేసి చూపారు. పాఠశాల చదువు ఎంతున్నదో తెలియని ఒక గ్రామీణుడు, హార్లీ ప్రతిని కూర్చిన కొలువు పండితుడు పాటించిన నియమాన్నే పాటించారు.

నా సిద్ధాంత వ్యాసంలో ఆ కుటుంబం వంశావళిని కైఫీయతు పాఠం పక్కనే, రెండు నిలువు వరుసలుగా ఇస్తున్నాను. అదనపు తరాలను ‘ప్రక్షిప్తం’ అని పిలవడం లేదు. కైఫీయతు ప్రతిలో లేవని, కుటుంబ ప్రతిలో మౌఖిక సంప్రదాయంగా గుర్తించి చేర్చినవని రాస్తున్నాను. పాలెగాని ఇంటితో సంబంధానికి ఆ రెండు పేర్లు తప్ప వేరే ఆధారం లేదన్న సంగతీ అక్కడే ఉంటుంది. అది ఆ ఇంటివారికి ఇష్టం కాకపోవచ్చు. కాని వారి తాతగారు అబద్ధమాడలేదని చెప్పగల ఆధారం కూడా అదే పుటలో, ఆయన చేతిరాతలోనే ఉంది.

ముగింపు

కాబట్టి కైఫీయతులనూ వంశావళులనూ పరిష్కరించేటప్పుడు మూడు విషయాలు పాఠంతో సమానంగా నమోదు కావాలని నా అభిప్రాయం: ఎవరి చేతిరాత, ఏ అవసరానికి రాసినది, దేనిని చూసి లేదా ఎవరి నోట విని రాసినది. అంచులోని గుర్తులు, ‘అని చెప్పుదురు’, ‘విన్నది’, ‘అంటారు’ వంటి మాటలు పరిష్కర్తలకు అనవసరంగా తోచి జారిపోయే అవకాశం ఉంది. వాటిని ఒక్కటీ వదలకూడదు. అచ్చయిన కైఫీయతు సంపుటాలను ఈ మాటల కోసం మూలప్రతులతో సరిచూడడం నేను తరువాత చేపట్టదలచిన పని. ఇళ్ళలో మిగిలిన నోటు పుస్తకాలను ఆ ఇళ్ళవారి అనుమతితో ఛాయాచిత్రాలు తీసి, లేఖకుని పేరుతో సహా సూచీలలో చేర్చడం విశ్వవిద్యాలయ శాఖలు కలిసి చేయదగిన పని. లూయిడ్ సేకరించిన ప్రతులు చాలా కాలిపోయినా, అతని జాబితా వల్ల ఏమి ఉండేదో అయినా తెలిసింది. దేవుని గూట్లో ఉన్న పుస్తకాలకు నేటికీ జాబితా లేదు.